పిల్లికి షుగరు తగ్గిందా? కాపలా మానకండి



మనుషులకు షుగరు జబ్బు వస్తుందని మనందరికీ తెలుసు. పిల్లులకూ వస్తుందంటే మాత్రం కొందరు నవ్వుతారు. నవ్వులాట కాదండీ. ఒళ్లు పెరిగి, రోజంతా ఇంట్లోనే పడుకునే నడివయసు పిల్లులకు, అందులోనూ ఆపరేషన్ అయిన మగ పిల్లులకు ఇది ఎక్కువ. అయితే ఒక మంచి సంగతీ ఉంది. తొందరగా కనిపెట్టి, ఇన్సులిన్ ఇస్తూ తిండి మారిస్తే, కొన్ని పిల్లులకు కొద్ది నెలల్లోనే ఇన్సులిన్ అవసరం లేకుండా పోతుంది. అది మానేశాక కనీసం 4 వారాలు రక్తంలో చక్కెర మామూలుగా ఉంటే జబ్బు అణిగింది అంటారు డాక్టర్లు.

అణిగింది అన్నారు గాని, పోయింది అనలేదు చూడండి. ఇలా బాగుపడిన పిల్లుల్లో సుమారు నాలుగింట ఒకదానికి మళ్లీ తిరగబెడుతుంది. రెండోసారి అణగడం మొదటిసారంత సులువు కాదు. ఆలస్యమైతే ప్రాణం మీదికే వస్తుంది. అంచేత సూది మందు మానినా మన చూపు మానకూడదు.

ఏమేం చూడాలి? మొదటిది నీళ్లు. పొద్దున కొలిచి పోయండి, మర్నాడు మిగిలింది కొలవండి. 4 కిలోల పిల్లి రోజుకు 400 మిల్లీలీటర్లు దాటి తాగితే జబ్బు కిందే లెక్క. అంతదాకా ఆగనక్కర్లేదు, మన పిల్లి అలవాటుకు మించి తాగుతున్నా అనుమానించాలి. ఎండలు కదా, దాహం వేస్తుందిలే అని సరిపెట్టుకోవద్దు. మట్టి తొట్టి ఎక్కువగా తడుస్తోందా, మూత్రం పోసిన చోట చీమలు పడుతున్నాయా అన్నదీ చూడండి.

రెండోది బరువు. పిల్లిని బుట్టలో కూర్చోబెట్టి వారానికొకసారి తూచండి, బుట్ట బరువు తీసేయండి. 200 గ్రాములు తగ్గితే ఎంతలే అనిపిస్తుంది. 4 కిలోల ప్రాణికి అది 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గినట్టు! బాగా తింటూనే చిక్కిపోతుంటే మరీ అనుమానించాలి.

మూడోది నడక. వెనక కాళ్లు మడమల దాకా నేలకానించి నడుస్తున్నా, గోడ ఎక్కలేకపోతున్నా చక్కెర పెరిగి నరాలు దెబ్బతిన్న గుర్తు కావచ్చు. వాంతులు, తిండి మానడం, తూలడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి.

మందుల షాపులో దొరికే మూత్రం పట్టీలతో వారానికొకసారి చూసుకోవచ్చు. కాని పిల్లి రక్తంలో చక్కెర సుమారు 250 దాటితేగాని మూత్రంలోకి దిగదు. కనుక పట్టీ బాగుందని పూర్తిగా నమ్మలేం. ఇంకో చిక్కుంది. చార్మినార్ సందడిలో ఆటోలో ఊగుతూ ఆసుపత్రి చేరేసరికి భయంతోనే పిల్లికి చక్కెర పెరిగిపోతుంది. అందుకే డాక్టరుగారిని ఫ్రక్టోసమీన్ పరీక్ష అడగండి. అది సుమారు గడిచిన రెండు వారాల సరాసరి చెబుతుంది, ఆ పూట భయానికి మారదు. మన పాతబస్తీవాళ్లకు నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఉన్నాయి.

ఇక తిండి. పాలన్నం, పెరుగన్నం పెట్టే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. మనం శాకాహారులమైనా పిల్లి కాదు కదా! మాంసంలో ఉండే టారిన్ అందకపోతే దానికి చూపు, గుండె దెబ్బతింటాయి. అన్నం, బిస్కెట్లు చక్కెరను పెంచుతాయి. పొడి గింజల మేతకన్నా పిండిపదార్థం తక్కువగా ఉన్న తడి మేత మేలు. ఒళ్లు తగ్గించాలని పస్తు మాత్రం పెట్టకండి. రెండు మూడు రోజులు తినకపోతే పిల్లికి కాలేయం పాడవుతుంది.

మన గల్లీల్లో పిల్లి ఒక్క ఇంటిది కాదు. ఒకరు చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్ పెడతారు, రంజాన్ నెలలో ఇంకొకరు గిన్నెలో మిగిలిన హలీమ్ పెడతారు. అంతా ప్రేమే! కాని హలీమ్‌లో గోధుమలుంటాయి, ఉల్లిపాయ ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి ఏ పిల్లికైనా విషమే. "ఆపా, దీనికి షుగరు ఉండేది, ఏమీ పెట్టొద్దు" అని నాలుగిళ్లలో చెప్పి రండి. మెడకు చిన్న చీటీ కట్టినా మంచిదే.

దురదకనో, దగ్గుకనో ఇచ్చే స్టెరాయిడ్ మందులు చక్కెరను మళ్లీ పెంచుతాయి. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్తే పాత సంగతి ముందే చెప్పాలి. చిగుళ్ల వాపు, మూత్రంలో చీము ఉన్నా జబ్బు తిరగబెట్టవచ్చు, నోరు చూపిస్తుండండి.

ఆఖరి మాట. మళ్లీ వచ్చిందేమోనని ఫ్రిజ్‌లో మిగిలిన ఇన్సులిన్ మీ అంతట మీరు పొడవకండి సుమా! చక్కెర ఒక్కసారిగా పడిపోతే పిల్లి గంటల్లోనే చనిపోవచ్చు. పైగా మన దేశంలో ఇన్సులిన్ 40, 100 అని రెండు బలాల్లో వస్తుంది, దేని సిరంజి దానిదే.

పాల లెక్క రాసుకునే పుస్తకంలోనే ఒక పేజీ పిల్లికి కేటాయించండి. తేదీ, బరువు, నీళ్లు, పట్టీ రంగు రాయండి. డాక్టరుకు మన మాటకన్నా ఆ పేజీయే ఎక్కువ చెబుతుంది. సెలవు.