కార్చిచ్చుకు సిద్ధమవుతున్న చిన్న ఊరు – యాష్‌లాండ్

(వారాంతపు తెలుగు రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



నేను చేసేది ఐటీ కన్సల్టింగ్. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ గురించో చెబుతాననుకుని ఉంటారు. ఈ పూట మాత్రం నిప్పు గురించి మాట్లాడుకుందాం. అమెరికా పశ్చిమ తీరంలో మనవాళ్ళు చాలామంది కొండల అంచున, చెట్ల మధ్య ఇళ్ళు కొనుక్కున్నారు. చూడ్డానికి హాయిగా ఉంటుంది, స్కూళ్ళు బాగుంటాయి. కానీ ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి పొద్దున లేవగానే ఫోనులో గాలి ఎలా ఉందో, పొగ ఎటు వస్తోందో చూసుకోవడం మనకూ అలవాటైపోయింది.

మన భాషలో దీనికి మంచి మాటే ఉంది, కార్చిచ్చు. కారు అంటే అడవి, చిచ్చు అంటే నిప్పు. అడవిలో పుట్టి అడవిలో తిరిగే నిప్పు అన్నమాట. అయితే ఈనాటి కార్చిచ్చు అడవిలోనే ఆగడం లేదు. 2018 నవంబరు 8న కాలిఫోర్నియాలోని ప్యారడైజ్ అనే ఊరు ఒక్క రోజులో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఆ మంటల్లో 85 మంది చనిపోయారు, చుట్టుపక్కల ఊళ్ళతో కలిపి 18,000కు పైగా కట్టడాలు కాలిపోయాయి. అలాంటప్పుడు ఒక చిన్న ఊరు ఏం చేయగలదు? పెద్ద బడ్జెట్టూ లేదు, సొంత హెలికాప్టర్లూ లేవు. దీనికి జవాబు వెతుకుతున్న ఊళ్ళలో ఒకటి ఆరెగాన్ రాష్ట్రంలోని యాష్‌లాండ్.

బే ఏరియా నుంచి ఐ-5 మీద పోర్ట్‌లాండ్ వైపో, క్రేటర్ లేక్ వైపో కారులో వెళ్ళినవాళ్ళు ఈ ఊరు చూసే ఉంటారు. కాలిఫోర్నియా సరిహద్దు దాటి కొండ దిగగానే వస్తుంది. జనాభా సుమారు 21,000. షేక్స్పియర్ నాటకోత్సవానికి పేరు మోసిన ఊరు, ఆ ఉత్సవం 1935లో మొదలైంది. ఊరికి దక్షిణాన 7,500 అడుగుల మౌంట్ యాష్‌లాండ్. ఆ కొండ మీది అడవిలోంచి వచ్చే యాష్‌లాండ్ క్రీక్ నీళ్ళే రీడర్ రిజర్వాయరులో నిలిచి, ఊళ్ళో కుళాయిల్లోకి వస్తాయి. అంటే అడవి కాలితే ముందు పోయేది మంచినీళ్ళు. అక్కడి నేల గుల్లబారిన గ్రానైటు. చెట్లూ వేళ్ళూ కాలిపోతే మొదటి పెద్ద వానకే ఆ మట్టంతా కొట్టుకొచ్చి రిజర్వాయరులో పడుతుంది.

అందుకని ఈ ఊరు మొదట అడవి మీద దృష్టి పెట్టింది. అసలు అడవికి వచ్చిన జబ్బేమిటో చెప్పుకోవాలి. పూర్వం అక్కడ ఉండే శాస్తా, టకెల్మా తెగలవాళ్ళు కొన్నేళ్ళకోసారి కావాలనే చిన్న మంటలు పెట్టేవారు. కింది తుప్పలు కాలిపోయేవి, పెద్ద చెట్లు నిలబడేవి. తర్వాత వచ్చినవాళ్ళు నిప్పు కనబడితే ఆర్పడమే పనిగా పెట్టుకున్నారు. 1935లో అమెరికా ఫారెస్ట్ సర్వీసు ఒక నియమమే పెట్టుకుంది. ఎక్కడ నిప్పు కనబడినా మర్నాడు పొద్దున 10 గంటలకల్లా అదుపులోకి రావాలి. ఉద్దేశం మంచిదే. కానీ ఏళ్ళ తరబడి కాలాల్సిన తుప్పలు కాలకుండా పేరుకుపోయాయి. సన్నచెట్లు ఒత్తుగా పెరిగి, నేల మీది మంట పెద్ద చెట్ల కొమ్మల దాకా ఎక్కడానికి నిచ్చెనల్లా తయారయ్యాయి.

దీన్ని సరిచేయాలంటే చెట్లు కొట్టాలి. ఆ మాట వినగానే యాష్‌లాండ్ జనం ఊరుకోలేదు. అడవి బాగు పేరు చెప్పి కలప వ్యాపారం చేస్తారేమోనని వాళ్ళ అనుమానం. ఏళ్ళ తరబడి మీటింగులు జరిగాయి. చివరకు 2004లో ఊరివాళ్ళే తమ సొంత ప్రణాళిక రాసి ఫారెస్ట్ సర్వీసు ముందు పెట్టారు. పెద్ద చెట్లను ఉంచాలి, సన్నవాటిని తీయాలి, కోసిన కొమ్మల్ని కుప్పలేసి చల్లటి రోజుల్లో కాల్చాలి, ఆ తర్వాత నేల మీద తక్కువ మంటను జాగ్రత్తగా నడిపించాలి. ఆ ప్రణాళిక ఆధారంగా 2010లో పని మొదలైంది. ఫారెస్ట్ సర్వీసు, నగరపాలక సంస్థ, నేచర్ కన్సర్వెన్సీ, లోమకాట్సి అనే స్థానిక సంస్థ, ఈ నలుగురూ కలిసి 7,600 ఎకరాల ప్రభుత్వ అడవిలో ఈ పని చేపట్టారు. ఊరివాళ్ళు తమ వంతు డబ్బును నీళ్ళ బిల్లులో చిన్న రుసుముగా కడుతూ వచ్చారు. నీళ్ళు అడవి ఇస్తోంది కాబట్టి అడవి ఖర్చు నీళ్ళ బిల్లులో ఉండటం న్యాయమే అనిపిస్తుంది.

ఇక్కడిదాకా విన్నవాళ్ళు, సరే, అడవిని బాగుచేసుకున్నారు కాబట్టి ఊరు క్షేమం అనుకోవచ్చు. అక్కడే ఉంది అసలు పాఠం.

అడవి పని మొదలైన 2010లోనే, ఆగస్టు 24న, ఐ-5 పక్కన గడ్డి అంటుకుంది. ఆ మంట హైవే దాటి ఓక్ నోల్ అనే పేటలో 11 ఇళ్ళను బూడిద చేసింది. పదేళ్ళ తర్వాత, 2020 సెప్టెంబరు 8న, ఊరికి ఉత్తరపు కొసన ఆల్మెడా డ్రైవ్ అనే వీధి దగ్గర మరో గడ్డి మంట పుట్టింది. ఆ రోజు ఈదురుగాలి. మంట వాగు వెంబడి ఉన్న ఎండుగడ్డి, ముళ్ళపొదల మీదుగా పరుగెత్తి పక్కనున్న టాలెంట్, ఫీనిక్స్ ఊళ్ళలో పడింది. సాయంత్రానికి 2,500కు పైగా ఇళ్ళు పోయాయి, ముగ్గురు చనిపోయారు. కాలిన ఇళ్ళలో చాలా భాగం మొబైల్ హోములు. పెద్దవాళ్ళు, తోటల్లో పనిచేసే మెక్సికన్ కుటుంబాలు ఉండేవి. యాష్‌లాండ్ చాలావరకు బతికిపోయిందంటే గాలి అవతలి వైపుకు వీయడం వల్లనే.

ఈ రెండు మంటలూ కొండ మీది అడవిలోంచి రాలేదు. రోడ్డు పక్క గడ్డిలో పుట్టి, ఇంటి నుంచి ఇంటికి పాకాయి. అడవిని ఎంత శుభ్రం చేసినా, ఇళ్ళే కట్టెలమోపుల్లా ఉంటే లాభం లేదన్నమాట.

ఇళ్ళు ఎలా అంటుకుంటాయో కొంచెం చూద్దాం. మంట గోడలా వచ్చి ఇంటిని కమ్మేస్తుందని మనం ఊహించుకుంటాం. చాలా ఇళ్ళ విషయంలో జరిగేది అది కాదు. మంటకు ఎంతో ముందుగా గాలిలో నిప్పురవ్వలు వస్తాయి, ఒక్కోసారి మైలు దూరం నుంచి కూడా. మన ఊళ్ళలో ఎండాకాలం తాటాకు గుడిసె ఒకటి అంటుకుంటే ఏమయ్యేదో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. గాలికి రవ్వలు లేచి పక్క గుడిసె చూరులో పడేవి, అక్కడి నుంచి ఇంకో చూరుకు. నీళ్ళ బిందెలతో జనం పరుగెత్తేలోపు వాడంతా పోయేది. ఇక్కడ తాటాకు లేదు. దాని బదులు గట్టర్లో ఎండుటాకులున్నాయి, కిటికీ కింద చెక్కపొట్టు మల్చ్ ఉంది, గోడనానుకుని జూనిపర్ పొద ఉంది. రవ్వకు కావలసింది అరచేతి వెడల్పు చోటు.

ప్యారడైజ్‌లో ఏ ఇళ్ళు మిగిలాయో శాస్త్రవేత్తలు తర్వాత లెక్క తీశారు. 1997కి ముందు కట్టిన ఇళ్ళలో 11.5 శాతం మిగిలితే, ఆ తర్వాత కట్టినవాటిలో 38.5 శాతం మిగిలాయి. ఇంకో ముఖ్యమైన విషయం, కాలిపోతున్న ఇంకో ఇల్లు ఎంత దగ్గరలో ఉందన్నది. అంటే నా ఇల్లు నేను ఎంత బాగా చూసుకున్నా, పక్కింటాయన చూసుకోకపోతే ఆయన ఇల్లే నా ఇంటికి కొరివి. నా ఇల్లు ఆయనకు కొరివి.

యాష్‌లాండ్ దీన్ని చట్టంలోకి తెచ్చింది. 2018లో కొండవాలు పేటలనే కాక మొత్తం నగరాన్ని కార్చిచ్చు ప్రమాద ప్రాంతంగా పరిగణించాలని నిర్ణయించింది. జూనిపర్, ఆర్బర్‌విటే, లేలాండ్ సైప్రెస్ లాంటి నూనె చెట్లను ఏ కట్టడానికైనా 30 అడుగుల లోపు కొత్తగా నాటకూడదంది. వీధుల వారీగా ఇరుగుపొరుగు కలిసి ఫైర్‌వైజ్ బృందాలుగా ఏర్పడి, ఒక రోజు పెట్టుకుని అందరి పెరళ్ళూ శుభ్రం చేసుకునే పద్ధతి ఉంది.

అయితే ఇదంతా సాఫీగా సాగుతుందనుకోకండి. పొగ సంగతే తీసుకోండి. 2018 వేసవిలో కార్చిచ్చుల పొగకు షేక్స్పియర్ నాటకాలు 26 రద్దు చేయాల్సి, లేదా లోపలికి మార్చాల్సి వచ్చింది. సుమారు 20 లక్షల డాలర్ల నష్టం. పెద్ద పొగ తప్పాలంటే చలికాలంలో, వసంతంలో చిన్న పొగ భరించాలి. ఉబ్బసం ఉన్నవాళ్ళకు అది చిన్న విషయం కాదు. వాతావరణమూ ఊరుకోవడం లేదు. కరువుకు, పురుగుకు డగ్లస్ ఫర్ చెట్లు పెద్ద ఎత్తున చచ్చిపోతే, 2024లో నగరం హెలికాప్టర్లు అద్దెకు తెచ్చి ఎండిన మానుల్ని కొండ మీంచి దింపించింది. ఇక రాష్ట్రం 2022లో ప్రమాద ప్రాంతాల మ్యాపు విడుదల చేస్తే, ఇన్సూరెన్సు పెరుగుతుందని, ఇంటి విలువ పడిపోతుందని జనం మండిపడ్డారు. కొన్ని వారాలకే దాన్ని వెనక్కి తీసుకున్నారు. మళ్ళీ సరిచేసి 2025 జనవరిలో తెచ్చిన మ్యాపును అదే సంవత్సరం శాసనసభ రద్దు చేసింది. మ్యాపు పోయినా గాలీ, ఎండుగడ్డీ పోలేదు కదా!

మిగిలింది ఊరు వదిలి వెళ్ళడం. యాష్‌లాండ్ పొడవాటి సన్నటి ఊరు, పెద్ద రోడ్లు తక్కువ. అందరూ ఒకేసారి బయల్దేరితే ఊరు ఖాళీ కావడానికి ఎన్ని గంటలు పడుతుందో 2021లో నిపుణుల చేత లెక్క కట్టించారు. నగరాన్ని జోన్లుగా విభజించి, మీ జోన్ నంబరు తెలుసుకోండి అని చెబుతున్నారు. ఆరెగాన్‌లో హెచ్చరికలు మూడు మెట్లు. లెవెల్ 1 అంటే సిద్ధంకండి. లెవెల్ 2 అంటే సామాను కారులో పెట్టుకుని, చెప్పగానే కదిలేలా ఉండండి. లెవెల్ 3 అంటే వెంటనే వెళ్ళిపోండి. ఇంటికి రెండు మూడు కార్లున్నా వీలైతే ఒక్క దాన్లోనే వెళ్ళడం మంచిది, రోడ్డు అందరిదీ కాబట్టి.

2020లో టాలెంట్, ఫీనిక్స్ ఊళ్ళలో హెచ్చరిక తమకు అందలేదని చాలామంది తర్వాత చెప్పారు. ఇంగ్లీషు రాని కుటుంబాల బాధ ఇంకా ఎక్కువ. ఇది విన్నప్పుడు నాకు తట్టింది మన ఇళ్ళే. ఎండాకాలంలోనే కదా మన అమ్మానాన్నలు, అత్తమామలు ఇక్కడికి వచ్చేది! మనం ఆఫీసులో, పిల్లలు సమ్మర్ క్యాంపులో. ఇంట్లో ఆయన, ఆవిడ మాత్రమే. కారు నడపరు. వాళ్ళ చేతిలో ఉన్నది ఇండియా నంబరు ఫోను. కౌంటీ పంపే సందేశం మన ఫోనుకి వస్తుంది, మనం మీటింగులో ఉంటాం. వృత్తిరీత్యా సర్వర్లకు బ్యాకప్ ఉందా అని రోజూ అడిగే మనం ఈ ప్రశ్న ఇంట్లో అడుగుతున్నామా?

అందుకని నాలుగు పనులు చెప్పి ముగిస్తాను.

ఒకటి, ఇంటి గోడ నుంచి 5 అడుగుల దాకా మండేదేదీ ఉంచకండి. మల్చ్ తీసి గులకరాళ్ళు వేయండి. డెక్కు కింద అట్టపెట్టెలు, పాత ఫర్నిచరు దాచకండి. కట్టెలుంటే 30 అడుగుల అవతల పెట్టండి.

రెండు, నిచ్చెన వేసుకుని గట్టర్లు శుభ్రం చేయండి. చూరు కింద, అటక వైపు గాలి వెళ్ళే కంతలకు అంగుళంలో ఎనిమిదో వంతు సందున్న లోహపు జాలీ బిగించండి. రవ్వలు ఇంట్లోకి దూరే దారి అదే. చెక్క పెంకుల కప్పు ఉంటే మార్చడం గురించి ఆలోచించండి.

మూడు, మీ కౌంటీ అత్యవసర సందేశాలకు భార్యాభర్తలిద్దరి నంబర్లూ నమోదు చేయండి. పెద్దవాళ్ళు వస్తే వాళ్ళకు ఇక్కడి నంబరు ఇప్పించి, దాన్ని కూడా చేర్చండి. ఏ లెవెల్‌కు ఏం చేయాలో తెలుగులో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. మందులు, పాస్‌పోర్టులు ఒకే సంచిలో ఉండాలి.

నాలుగు, పక్కింటివాళ్ళను పలకరించండి. ఇది అన్నిటికన్నా సులువు, మనం అన్నిటికన్నా తక్కువ చేసేది కూడా. పగటిపూట ఇంట్లో ఉండే పొరుగువాళ్ళెవరికైనా, మా పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నారు, అవసరమైతే మీ కారులో తీసుకెళ్తారా అని ముందే చెప్పి ఉంచండి. వాళ్ళింట్లో ముసలివాళ్ళుంటే మీరూ అదే మాట ఇవ్వండి. మీ హెచ్‌ఓఏ మీటింగుకి ఒక్కసారి వెళ్ళి, కంచె వెంబడి జూనిపర్లు ఎందుకున్నాయని అడగండి.

యాష్‌లాండ్ ఇంకా క్షేమమని ఎవరూ అనరు. ఆ ఊరివాళ్ళే అనరు. కానీ నిప్పు వచ్చిన రోజున దానికి తినడానికి తక్కువ దొరకాలని ఏటా కొంత కొంత పని చేసుకుంటూ పోతున్నారు. ఇరవై ఏళ్ళుగా చేస్తూనే ఉన్నారు. మన వీధిలో ఆ పని ఈ శనివారం గట్టర్లతో మొదలుపెట్టవచ్చు.