గొట్టం గోడ ఎంత మిగిలింది?

మా సీతాఫల్‌మండిలో రైల్వే కుటుంబాలు ఎక్కువ. నాన్న లాలాగూడ వర్క్‌షాప్‌లో పనిచేశారు. బండి ఆగగానే చక్రాల మీద సుత్తితో కొట్టి, మోతను బట్టి పగులు పట్టేవాళ్ల గురించి చెప్పేవారు. మరమ్మతుల కోసం రిఫైనరీ యూనిట్లను ఆపే షట్‌డౌన్లలో నా పనీ అలాంటిదే. సుత్తికి బదులు అల్ట్రాసోనిక్ గేజ్. గొట్టం మీద రంగు గీకి, జెల్ రాసి, ప్రోబ్ ఆనిస్తే లోహం ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందో అంకె పడుతుంది.

ముడిచమురులో గంధకం ఉంటుంది. కాగిన చమురు ఏళ్ల తరబడి పారుతుంటే ఆ గంధకం గొట్టాన్ని లోపల్నుంచి తినేస్తుంది. ఇన్సులేషన్ మీది రేకు సందుల్లోంచి వాన నీళ్లు దిగితే బయటి వైపూ తుప్పు పడుతుంది. రేకు మాత్రం కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది.

కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో షెవ్రాన్ రిఫైనరీ ఉంది. 2012 ఆగస్టు 6న అక్కడ 1976 నాటి 8 అంగుళాల గొట్టం కారడం మొదలైంది. యూనిట్ నడుస్తుండగానే, లీకు ఎక్కడో చూద్దామని ఇన్సులేషన్ ఊడదీశారు. గొట్టం చీలింది. ఆవిరి 19 మందిని కమ్మేసి, ఆపైన అంటుకుంది. వాళ్లంతా బతికి బయటపడడం అదృష్టమే. చుట్టుపక్కల దాదాపు 15,000 మంది ఆస్పత్రుల దారి పట్టారు. ఆ లైనులో మందం కొలుస్తూ వచ్చింది ఎక్కువగా వంపుల దగ్గర. చీలింది తిన్నని ముక్క. దాని ఉక్కులో సిలికాన్ తక్కువ కావడంతో పక్క ముక్కల కన్నా వేగంగా అరిగిపోయింది. 2019 జూన్ 21న ఫిలడెల్ఫియా రిఫైనరీలో పగిలిన ఎల్బో, అంటే గొట్టం వంపు ముక్క, 1973 ప్రాంతంలో వేసినది. పగిలిన చోట మిగిలిన మందం 0.3 మిల్లీమీటర్లు. ఆ రిఫైనరీ మళ్లీ తెరుచుకోలేదు.

మన విశాఖ రిఫైనరీ 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలై, తర్వాత హెచ్‌పీసీఎల్‌ది అయింది. 1997 సెప్టెంబర్ 14న అక్కడ వంటగ్యాస్ లీకై అంటుకుని 50 మందికి పైగా చనిపోయారు. 2021 మే 25న ముడిచమురును వేరుచేసే సీడీయూ-3 యూనిట్‌లో గొట్టం లీకై మంటలు లేచాయి, అందరి ప్రాణాలూ దక్కాయి. 2013 ఆగస్టు 23న 20 మందికి పైగా చనిపోయింది మాత్రం కొత్త కూలింగ్ టవర్ దగ్గర. అందుకే వయసొక్కదాన్నే తప్పుపట్టను. కొలిచి, అరిగిన ముక్క మారిస్తే పాత లైనూ నడుస్తుంది. కొలిచాక కూడా ఊరుకుంటేనే నాకు కడుపు మండుతుంది. ఒక రిఫైనరీలో నేను పలచబడిందని రాసిచ్చిన చోట క్లాంపు బిగించి, వచ్చే షట్‌డౌన్‌లో చూద్దామన్నారు. దాని పక్కనే పరంజా ఎక్కి రంగు వేస్తున్న కాంట్రాక్టు కుర్రాళ్లకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడం నేరమనే అంటాను.

భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి ఒక సవరణ చేశారు. ప్రాణాపాయం ఉందని గట్టి అనుమానం వస్తే ఆ సంగతి యాజమాన్యానికి తెలిపే హక్కును కార్మికుడికి అది ఇచ్చింది. మన బస్తీల నుంచి షట్‌డౌన్ పనులకు వెళ్లే తమ్ముళ్లూ, పర్మిట్ చేతికి రాగానే అడగండి: ఈ లైను ఆపి ఖాళీ చేశారా? దీని మందం చివరిసారి ఎప్పుడు కొలిచారు, ఎంత వచ్చింది? జవాబు వచ్చేదాకా పరంజా ఎక్కకండి.