దోషం డిస్కుదా, దారిదా?

ఇంట్లోని కంప్యూటర్ హార్డ్ డిస్కును గుర్తించకపోయినా, పని మధ్యలో బిగుసుకుపోయి మళ్లీ కదిలినా డిస్కు పోయిందన్న తీర్పు తొందరగా వెలువడుతుంది. అయితే డిస్కుకూ ప్రాసెసర్‌కూ మధ్య సమాచార రాకపోకలను నడిపే కంట్రోలర్‌లోనో, దాని సెట్టింగులలోనో, కేబుల్‌లోనో లోపమున్నా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. ఒకప్పుడు విడి కార్డుగా ఉన్న ఈ కంట్రోలర్‌ను 1980ల ద్వితీయార్ధంలో వచ్చిన ఐడీఈ పద్ధతి డిస్కు అడుగునున్న సర్క్యూట్ బోర్డు మీదికి చేర్చగా, మదర్‌బోర్డు వైపు మిగిలిన భాగం నేడు చిప్‌సెట్‌లో ఇమిడిపోయి సాటా పోర్టుల రూపంలో బయటికి కనిపిస్తుంది.

డిస్కు ఇంకా చదవగలిగే స్థితిలో ఉంటే పరీక్షలన్నిటికంటే ముందు ఫొటోలను, పెళ్లి వీడియోలను, పత్రాలను మరోచోటికి కాపీ చేసుకోవాలి. ఆ తరువాత చూడవలసింది స్మార్ట్ పట్టిక, అంటే డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే చిట్టా. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాములు దీనిని చూపుతాయి. ఇందులో 5, 197 అంశాల విలువలు పెరుగుతుంటే డిస్కు ఉపరితలమే చెడుతున్నదని అర్థం కాగా, 199వ అంశం మాత్రం కేబుల్ మీదుగా వెళ్లేటప్పుడు చెదిరిన సమాచారాన్ని లెక్కిస్తుంది. ఈ లెక్క సాధారణంగా తగ్గదు కనుక అంకె ఎంత ఉందన్నది కాక, కేబుల్ మార్చిన తరువాత కూడా పెరుగుతున్నదా లేదా అన్నదే గమనించాలి. కంప్యూటర్‌ను ఆపి, ప్లగ్ తీసి, ముందు కేబుల్‌ను, అప్పటికీ ఫలితం లేకపోతే పోర్టును మార్చాలి. రెండూ ఒకేసారి మారిస్తే దోషం దేనిదో తేలదు.

పోర్టును అనుమానించడం అతిజాగ్రత్త కాదు. 2011 జనవరి 31న ఇంటెల్ సంస్థ తన 6 సిరీస్ చిప్‌సెట్‌లో లోపాన్ని స్వయంగా ప్రకటించింది. సెకనుకు 3 గిగాబిట్ల వేగంతో పనిచేసే సాటా పోర్టులు కాలక్రమేణా బలహీనపడే అవకాశముండగా, 6 గిగాబిట్ల పోర్టులు రెండింటికీ ఆ బెడద లేదు. అటువంటి బోర్డు మీద ఎన్ని కొత్త డిస్కులు కొన్నా, వాటిని అవే పోర్టులకు తగిలించినంతకాలం ప్రయోజనముండదు.

పాత కంప్యూటర్లలో మరో చిక్కు, కంప్యూటర్‌ను ఆరంభించే బయాస్ ప్రోగ్రాము సెట్టింగులను నిలిపి ఉంచే బిళ్ల బ్యాటరీ, సాధారణంగా సీఆర్2032 రకానిది. అది నీరసిస్తే గడియారం తప్పడంతోపాటు సెట్టింగులు మొదటికొస్తాయి. విండోస్‌ను ఏహెచ్‌సీఐ పద్ధతిలో, అంటే సాటా డిస్కులతో వ్యవహరించే ఆధునిక విధానంలో ఎక్కించి ఉండగా కంట్రోలర్ ఐడీఈ పద్ధతికి మారిపోతే, బూట్ డిస్కు అందడం లేదంటూ నీలితెర వస్తుంది. బ్యాటరీ మార్చి బయాస్‌లో ఏహెచ్‌సీఐ పద్ధతిని తిరిగి ఎంచుకుంటే చాలు, విండోస్‌ను మళ్లీ ఎక్కించనక్కరలేదు.

అదే డిస్కు మరో కంప్యూటర్‌లో నిలకడగా పనిచేస్తే లోపం మదర్‌బోర్డు వైపే ఉన్నట్టు. అప్పుడు ఖాళీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో సాటా కార్డును అమర్చుకోవచ్చు. డిస్కు సొంత బోర్డు చెడితే మాత్రం అదే మోడల్ బోర్డును తెచ్చి బిగించడం చాలావరకు వృథా, ఎందుకంటే ఆ ఒక్క డిస్కుకే చెందిన సర్దుబాటు వివరాలు పాత బోర్డు మీది చిప్‌లోనే ఉండిపోతాయి. అక్కడితో ఇంటి మరమ్మతును ఆపి, సమాచారం విలువైనదైతే డేటా రికవరీ నిపుణులకు అప్పగించాలి.