సందేశం చేరినట్లేనా?

భిలాయి పేరు వినగానే రైలు పట్టాలు స్ఫురించడం సహజం. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన ఈ కర్మాగారంలో నేడు 130 మీటర్ల ఏకఖండ పట్టాలు తయారవుతున్నాయి. పట్టాకు ఉక్కు ఎంత ముఖ్యమో, ఆ ఉక్కును గూర్చిన సమాచారమూ అంతే ముఖ్యం. ఒక హీటులో కార్బన్, మాంగనీసు, భాస్వరం, గంధకం ఎంతెంత ఉన్నవో ప్రయోగశాల తేల్చిన ఫలితం ఆ హీటు సంఖ్యతో సహా రోలింగ్ మిల్లు వరకు చెక్కుచెదరక చేరాలి. చేరకపోతే ఆ ఉక్కు మంచిదో కాదో చెప్పే ఆధారమే ఉండదు.

కంప్యూటర్ల మధ్య ఇటువంటి సమాచారాన్ని చేరవేసే పద్ధతులలో సందేశాల క్యూ ఒకటి. దీనిని మన సెక్టారు పోస్టాఫీసుతో పోల్చవచ్చు. అందుకోవలసినవారు ఆ క్షణాన లేకపోయినా ఉత్తరం అక్కడ భద్రంగా ఉంటుంది. 1993లో ఐబీఎం ఎంక్యూసిరీస్‌ను, 2007లో వెలువడిన రాబిట్‌ఎంక్యూను ఇందుకు ఉదాహరణలుగా చెప్పవచ్చు. రెండవదానిని అమర్చేటప్పుడు మనం గమనించవలసిన అంశాలివి.

మొదటిది చిరునామా. సర్వరు పేరు, పోర్టు (సాధారణంగా 5672), క్యూ పేరు ఇరువైపులా ఒకటిగా ఉండాలి. క్యూ పేరులో పెద్ద, చిన్న ఆంగ్లాక్షరాల భేదమూ లెక్కకు వస్తుంది. సరిపడే క్యూ లేని సందేశాన్ని, ప్రత్యేకంగా కోరనిదే, సర్వరు చడీచప్పుడు లేకుండా విడిచివేస్తుంది.

రెండవది రసీదు. స్వయంచాలక రసీదును ఎంచుకుంటే సందేశం పంపగానే చేరినట్లు లెక్క. డేటాబేసులో నమోదయ్యేలోగా స్వీకర్త కంప్యూటరు ఆగిపోతే ఆ ఫలితం క్యూలోనూ ఉండదు, నమోదులోనూ ఉండదు. కనుక నమోదు పూర్తయిన పిమ్మటనే రసీదు ఇవ్వాలి. రసీదు ఇవ్వకముందే సంబంధం తెగితే సర్వరు అదే సందేశాన్ని మరల పంపుతుంది. ఒకే ఫలితం రెండుమార్లు నమోదు కాకుండా హీటు, నమూనా సంఖ్యలతో సరిచూసుకోవాలి.

మూడవది మోతాదు. రసీదు ఇవ్వకుండా ఒక స్వీకర్త ఎన్ని సందేశాలు తీసుకోవచ్చో ‘ప్రీఫెచ్’ నిర్ణయిస్తుంది. వరుసక్రమం ముఖ్యమైనచోట ఒకే స్వీకర్త, ఒక్కొక్క సందేశం శ్రేయస్కరం.

నాల్గవది భద్రత. సర్వరు ఆగి తిరిగి మొదలైనా సందేశాలు నిలవాలంటే క్యూను, సందేశాన్ని రెండింటినీ శాశ్వతమైనవిగా ప్రకటించాలి. లోపమున్న సందేశాన్ని మరల అదే క్యూలోకి నెడితే అది అంతులేకుండా తిరుగుతూ ఉండవచ్చు. దానిని వేరొక క్యూలోకి మళ్లించాలి. ప్రతి షిఫ్టులోనూ ఆ క్యూను తెరిచి చూసే బాధ్యతను ఒకరికి అప్పగించాలి.

ఆ పట్టాలపై ప్రయాణించేది మనమూ, మన పిల్లలూ. సందేశం పంపడంతో మన పని ముగియదు. అది చేరి నమోదైనప్పుడే ముగుస్తుంది.