రెండో సిలిండర్

వంట మధ్యలో గ్యాస్ అయిపోయినా మా అమ్మ కంగారు పడదు. రెండో సిలిండర్ ఉంటుంది కదా! దేశాలకూ ఇలాంటి ఏర్పాటు ఉంది.

యూరప్‌లో చలికాలం ఇళ్ళు వెచ్చగా ఉండాలంటే సహజ వాయువు చాలా కావాలి. అందుకే వాడకం తగ్గే వేసవిలో దాన్ని భూమి లోపల నింపి పెడతారు. గ్యాస్ తోడేసిన పాత క్షేత్రాలు, ఉప్పు పొరల్లో తొలిచిన గుహలే అక్కడ గోదాములు. నింపినదంతా వాడుకోలేరు. కొంత లోపలే ఉంచాలి, లేకపోతే మిగతాది పైకి తోసే ఒత్తిడి ఉండదు.

జర్మనీలో రేడెన్ అనే ఊరి దగ్గర సుమారు 400 కోట్ల క్యూబిక్ మీటర్లు పట్టే గోదాము ఉంది. అప్పట్లో అది రష్యా కంపెనీ గాజ్‌ప్రోమ్ అనుబంధ సంస్థ చేతిలో ఉండేది. 2021లో దాన్ని సరిగా నింపలేదు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యేసరికి అది దాదాపు ఖాళీ. గోదాము మన నేల మీదే ఉన్నా, తాళంచెవి ఎవరి దగ్గరుందో అప్పుడు అందరికీ అర్థమైంది.

ఆ ఏడాదే యూరోపియన్ యూనియన్ చట్టం తెచ్చింది: నవంబర్ 1 కల్లా నిల్వలు 80 శాతం నిండాలి. గడువుకి 90 శాతం దాటాయి.

మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన సంగతే ఇది. రెండో సిలిండర్ ఖాళీగా ఉంటే, అది ఉన్నట్టు కాదు.