ఆగమని చెప్పే అధికారం

ఆసుపత్రి వార్డులో రోగి మంచం పక్కన రాత్రంతా మేలుకొని గడిపిన అనుభవం లేని కుటుంబం మనలో బహుశా ఉండదు. అమ్మీకో అబ్బాకో ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో చేర్చితే ఇంట్లోవారెవరో ఒకరు తోడుగా ఉండడం మనకు ఎవరూ చెప్పనవసరం లేని బాధ్యత. అలా తోడున్న వారికి ఒక సంగతి త్వరలోనే బోధపడుతుంది. పెద్ద డాక్టరుగారు రౌండ్లకు వచ్చినప్పుడు మంచం దగ్గర నిలిచేది కొద్ది నిమిషాలే. తక్కిన గంటలన్నీ రోగి నర్సు చేతుల్లోనే ఉంటాడు. ఊపిరి తీరు మారినా, మూత్రం తగ్గినా, మాట తడబడినా ముందుగా కనిపెట్టేది ఆమె. లేదంటే పక్కనే కూర్చున్న తల్లో, కూతురో. విచిత్రమేమంటే, అందరికంటే ముందుగా చూసే ఈ ఇద్దరి మాటకే అందరికంటే తక్కువ విలువ దక్కడం ఎన్నో ఆసుపత్రులలో ఆచారంగా స్థిరపడిపోయింది.

ఆ ఆచారం మారుతుందా? మార్చదలచిన పెద్దలు ఏమి చేయవలసి ఉంటుంది? గత పాతికేళ్ల కాలంలో అమెరికాలోని ఒక ప్రసిద్ధ ఆసుపత్రి అనుభవం ఈ ప్రశ్నలకు చాలావరకు సమాధానమిస్తుంది. ఆ అనుభవంలో ఒక తల్లి దుఃఖం కూడా ఉంది. ముందు దాన్ని తెలుసుకుందాం.

2001 జనవరిలో జోసీ కింగ్ అనే 18 నెలల పాప ఇంట్లో స్నానపు తొట్టెలోని వేడినీటికి ఒళ్లు కాలి, బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో చేరింది. ప్రపంచంలోనే పేరెన్నికగన్న వైద్యాలయాలలో అది ఒకటి. చికిత్స ఫలించి పాప కోలుకుంది. కొద్దిరోజుల్లో ఇంటికి పంపిస్తామన్నారు. ఆ దశలో తల్లి సోరెల్ కింగ్ ఒక మార్పును గమనించింది. ఎవరి చేతిలో నీళ్లు కనిపించినా పాప వాటికోసం ఏడుస్తోంది. స్నానం చేయిస్తుంటే తడిగుడ్డను ఆత్రంగా చప్పరిస్తోంది. తల్లి సిబ్బందికి చెప్పింది. యంత్రాలలో అంకెలన్నీ సరిగానే ఉన్నాయని వారు ధైర్యం చెప్పారు. మర్నాటికి పాప పరిస్థితి విషమించింది. వైద్యులు వచ్చి, నీళ్లు పట్టించి, మత్తు కలిగించే నొప్పిమందులు ఇక ఇవ్వరాదని నోటిమాటగా చెప్పి వెళ్లారు. ఆ తర్వాత ఒక నర్సు మెథడోన్ సిరంజితో వచ్చింది. ఇవ్వవద్దన్నారు కదా అని తల్లి అడ్డుచెప్పింది. ఆదేశాలు మారాయని నర్సు బదులిచ్చి మందు ఇచ్చింది. పాప గుండె ఆగిపోయింది. రెండు రోజుల తర్వాత పాప కన్నుమూసింది.

ఇందులో దుర్మార్గులెవరూ లేరు. మంచి ఆసుపత్రి, చదువుకున్న వైద్యులు, శిక్షణ పొందిన నర్సులు, కళ్లు తెరుచుకొని ఉన్న తల్లి. లేనిదల్లా తల్లి చూసింది వైద్యుని వద్దకు చేరే దారి. ‘ఆగండి’ అని ఎవరైనా అంటే పని తప్పనిసరిగా ఆగే ఏర్పాటు అక్కడ లేదు. పరిహారంగా వచ్చిన సొమ్ములో కొంత భాగాన్ని ఆ తల్లిదండ్రులు అదే ఆసుపత్రిలో రోగుల భద్రత కోసం వెచ్చించారు. ఆసుపత్రి పెద్దలు సైతం ముఖం చాటేయకుండా ఆమెను పిలిపించి, తమ సిబ్బంది ముందే మాట్లాడించారు. తప్పును దాచిపెట్టడానికి వకీళ్ల చుట్టూ తిరిగే యాజమాన్యాలను ఎరిగిన మనకు ఇది చిన్న విషయంగా తోచదు.

ఆ సంవత్సరమే అదే ఆసుపత్రిలో పీటర్ ప్రొనొవోస్ట్ అనే ఐసీయూ వైద్యుడు మరొక సమస్యపై దృష్టి సారించాడు. తీవ్ర అస్వస్థతలో ఉన్న రోగులకు మెడ దగ్గరో, ఛాతీపైనో పెద్ద రక్తనాళంలోకి సన్నని గొట్టాన్ని దింపుతారు. సెంట్రల్ లైన్ అంటారు. మందులు ఎక్కించడానికి అది ఎంత ఉపకరిస్తుందో, సూక్ష్మక్రిములు నేరుగా రక్తంలోకి ప్రవేశించడానికి అంత తేలికైన దారి కూడా. దాన్ని నివారించే జాగ్రత్తలు వైద్యులందరికీ తెలిసినవే. చేతులు కడుక్కోవడం, రోగి చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో శుభ్రపరచడం, రోగిని నిలువెల్లా శుద్ధమైన వస్త్రంతో కప్పడం, తాము మాస్కు, గౌను, చేతి తొడుగులు ధరించడం, గొట్టం దిగిన చోట శుభ్రమైన కట్టు వేయడం. ప్రొనొవోస్ట్ వీటిని ఒక కాగితంపై రాసి, ఒక నెలపాటు కేవలం గమనించి నమోదు చేయమని నర్సులను కోరాడు. మూడో వంతుకు పైగా రోగుల విషయంలో ఏదో ఒక జాగ్రత్త తప్పిపోతున్నట్లు తేలింది. తెలియక కాదు, తొందర వల్ల, అలవాటు వల్ల.

మరొక కారణం కూడా బయటపడింది. కావలసిన వస్తువులు ఒకచోట ఉండవు. గౌను ఒక బీరువాలో, మాస్కు మరొక గదిలో, దుప్పటి ఇంకెక్కడో. అర్ధరాత్రి ప్రాణాపాయంలో ఉన్న రోగిని వదిలి వాటికోసం ఎవరు తిరుగుతారు? అందుకని అన్నీ ఒకే బండిలో సర్ది మంచం దగ్గరకు తెచ్చే ఏర్పాటు చేశారు. మార్పు గురించి ఉపన్యాసాలిచ్చే అధికారులు తరచుగా మరచిపోయే సంగతి ఇది. మంచిపని చేయడం కష్టంగా ఉంచి, చేయనివారిని నిందించడం న్యాయం కాదు.

అసలైన అడుగు ఆ తర్వాతది. వైద్యుడు ఏ జాగ్రత్త వదిలేసినా అక్కడే ఆపే అధికారాన్ని నర్సులకు ఇప్పించాలని ప్రొనొవోస్ట్ యాజమాన్యాన్ని ఒప్పించాడు. గొట్టం రోగికి ఇంకా అవసరమేనా అని నర్సులు రోజూ వైద్యులను అడగాలని కూడా నిర్ణయించారు. ఇరుపక్షాలూ మొదట అభ్యంతరం చెప్పాయి. డాక్టర్లపై నిఘా పెట్టడం తమ పని కాదని, నోరు విప్పితే తమపై విరుచుకుపడతారని నర్సులు భయపడ్డారు. నలుగురిలో నర్సు తప్పుపడితే తమ పరువు ఏం కావాలని వైద్యులు నొచ్చుకున్నారు. ప్రొనొవోస్ట్ అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, రోగికి హాని జరుగుతుంటే చూస్తూ ఊరుకోవడం మీలో ఎవరికైనా సమ్మతమేనా అని ప్రశ్నించాడు. సమ్మతమని అనగలవారెవరు? ఆపినా వినని డాక్టరెవరైనా ఉంటే రాత్రయినా పగలైనా తనకు కబురు పంపమని, తాను నర్సు పక్షాన నిలబడతానని అందరి సమక్షంలో మాట ఇచ్చాడు.

నా దృష్టిలో నైతిక నాయకత్వం అంటే ఈ మాట ఇవ్వడమే. తనకంటే చిన్న హోదాలో ఉన్నవారి చేతికి తనను ఆపే అధికారాన్ని అప్పగించి, దాన్ని వాడినందుకు వారికి కీడు కలగకుండా కాచుకోవడం. ఖలీఫాగా ఎన్నికైన వెంటనే హజ్రత్ అబూబకర్ (రజి) చేసిన తొలి ప్రసంగంలో, తాను తప్పుదారి పడితే సరిదిద్దమని ప్రజలనే కోరిన సంగతి పాఠకులకు తెలిసినదే. పదవి పెరిగేకొద్దీ సరిదిద్దేవారు తగ్గిపోతారు గనుక, వారిని పెద్దలే కోరి పిలుచుకోవలసి ఉంటుంది.

ఏడాది తర్వాత చూస్తే, గొట్టం వేసిన పది రోజుల్లో ఇన్ఫెక్షన్ సోకే రోగుల సంఖ్య నూటికి 11 నుంచి సున్నాకు పడిపోయింది. తదుపరి 15 నెలల్లో కేవలం రెండు ఇన్ఫెక్షన్లు. 43 ఇన్ఫెక్షన్లు, 8 మరణాలు తప్పాయని ఆసుపత్రి వారు లెక్కగట్టారు.

పెద్ద ఆసుపత్రిలో సాధ్యమైనది మామూలు చోట సాధ్యమా అన్న సందేహం సహజం. 2003లో మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూలు ఇదే పద్ధతిని చేపట్టాయి. వాటిలో పేదలకు సేవలందించే, సిబ్బంది చాలని ఆసుపత్రులూ ఉన్నాయి. ప్రతి ఐసీయూకు ఆసుపత్రి ఉన్నతాధికారి ఒకరు బాధ్యుడిగా ఉండి, నెలకోసారైనా వార్డుకు వచ్చి నర్సుల ఇబ్బందులు వినాలన్నది నియమం. అలా వచ్చినవారికి ఆశ్చర్యకరమైన విషయం ఎదురైంది. జాబితాలో రాసిన క్లోర్‌హెక్సిడిన్ మూడింట రెండు వంతుల ఐసీయూలలో అసలు అందుబాటులోనే లేదు! పై అంతస్తులో కూర్చున్నవారికి ఆ లోటు అంతవరకూ తెలియదు. తెలిశాక తెప్పించడానికి ఎన్నాళ్లో పట్టలేదు. 2006 డిసెంబరులో ఫలితాలు ప్రచురితమయ్యాయి. గొట్టం ఉన్న ప్రతి వెయ్యి రోజులకు సగటున 7.7గా ఉన్న ఇన్ఫెక్షన్లు ఏడాదిన్నరలో 1.4కు తగ్గాయి.

నాయకుడు రోగికి సమీపంలో ఉండడమన్నది మనకు కొత్త పాఠమేమీ కాదు. అస్లమ్ తెగకు చెందిన హజ్రత్ రుఫైదా (రజి) గాయపడినవారికి సేవచేసిన గుడారం మస్జిదె నబవీలోనే ఉండేది. ఖందఖ్ యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) చేతి రక్తనాళానికి బాణం తగిలినప్పుడు, తాను దగ్గరనుంచి పరామర్శించడానికి వీలుగా ఆయన్ను రుఫైదా గుడారంలో ఉంచమని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. ఈ ఉదంతాన్ని మనం సాధారణంగా ఇస్లాంలో తొలి నర్సు అన్న గౌరవంతో స్మరించుకుంటాం. అందులో మరో కోణం కూడా ఉంది. మదీనా రాజ్యభారమంతా మోస్తున్న నాయకుడు క్షతగాత్రుని తన నడకకు అందే దూరంలో ఉంచుకున్నారు. సేవచేసే స్త్రీకి ఆ మస్జిద్‌లో చోటు కల్పించి, ఆమె నైపుణ్యాన్ని విశ్వసించి రోగిని అప్పగించారు.

ఇక, ఈ సమీపం లోపించిన మార్పు ఎలా ఉంటుందో కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో కనిపించింది. ఆపరేషన్లకు ముందు, తర్వాత సరిచూసుకోవలసిన భద్రతా జాబితాను 2010లో అక్కడి ప్రభుత్వం తప్పనిసరి చేసింది. ఆసుపత్రులు 92 నుంచి 100 శాతం వరకూ పాటిస్తున్నామని నివేదికలు పంపాయి. తీరా 101 ఆసుపత్రుల లెక్కలు పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్ల అనంతర మరణాలు 0.71 శాతం నుంచి 0.65కు మాత్రమే మారాయి. ఆ తేడా గణాంకపరంగా చెప్పుకోదగినది కాదు. జాబితా అనేది పనికిరానిదని దీని అర్థం కాదు, ఇతర చోట్ల అది ప్రాణాలు కాపాడింది. అయితే ఉత్తర్వు చేరినంత వేగంగా నమ్మకం చేరదు. గళ్లలో టిక్కులు పెట్టడం నేర్పడానికి ఒక సర్క్యులర్ చాలు. డాక్టరుగారితో ఆగమని చెప్పే ధైర్యం నర్సుకు కలగాలంటే ఆమెకు అండగా నిలిచే మనిషి కనిపించాలి.

మన దేశానికి వస్తే, ఆ ధైర్యానికి మరొక అడ్డంకి జీతం. ప్రైవేటు ఆసుపత్రులలో నర్సుల దుస్థితిపై 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో కేంద్రం ఒక కమిటీని నియమించింది. 50 పడకల లోపు ఆసుపత్రిలో సైతం నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని ఆ కమిటీ సిఫారసు చేసింది. ఆ సిఫారసు అమలుకు నర్సులు పలుచోట్ల వీధికెక్కవలసి వచ్చింది. ఉద్యోగం నేడుందో రేపుండదో తెలియని అమ్మాయి, సీనియర్ సర్జన్ చేతులు కడుక్కోలేదని ఎలా అనగలదు? ఒక్క నర్సు మోయగలిగినదానికి మించి రోగులను అప్పగించి, రోగి కేంద్రంగా సేవ అని గోడలపై రాసుకోవడం కంటే పెద్ద పరిహాసం ఉండదు. మన సముదాయంలో ఆసుపత్రులు, క్లినిక్కులు నడిపే ట్రస్టులకు ఈ మాట ప్రత్యేకించి వర్తిస్తుంది. జకాత్, సదఖాల సొమ్ముతో పేదరోగికి ఉచితంగా మందులిస్తూ, అదే చోట నర్సుకు చాలీచాలని వేతనమిచ్చి రెండు షిఫ్టులు చేయించడం ఏ లెక్కన సేవ అవుతుందో నిర్వాహకులే ఆలోచించాలి.

కుటుంబాల మాట కూడా చెప్పుకోవాలి. జోసీ తల్లి ప్రసంగం విన్న తర్వాత 2005లో పిట్స్‌బర్గ్‌లోని ఒక ఆసుపత్రి, రోగి పరిస్థితి దిగజారుతోందని బంధువులకు అనిపిస్తే అత్యవసర వైద్య బృందాన్ని వారే నేరుగా పిలిపించుకునే ఏర్పాటు చేసింది. ఇంగ్లండులో 13 ఏళ్ల మార్తా మిల్స్ అనే బాలిక విషయంలో తల్లిదండ్రుల ఆందోళనను వైద్యులు పట్టించుకోక 2021లో ఆమె మరణించిన పిమ్మట, ఇటువంటి హక్కే ఆమె పేరిట నియమంగా రూపొంది 2024 నుంచి అక్కడి ప్రభుత్వ ఆసుపత్రులలో అమలులోకి వస్తోంది. మనకు అంత స్పష్టమైన ఏర్పాటు లేకున్నా, జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలోని 17 హక్కులలో చికిత్స వివరాలు తెలుసుకునే హక్కు, ఫిర్యాదు చేసి వినిపించుకునే హక్కు ఉన్నాయి.

హక్కును వాడుకోవడానికి కేకలు వేయనవసరం లేదు. నర్సుపై చేయిచేసుకునే, దూషించే బంధువులు రోగికి మేలు చేయరు. ఆ వార్డులో తర్వాతి రోగి తరఫున నోరు విప్పవలసిన ఆమెను మరింత మూగదాన్ని చేస్తారు. షిఫ్టు మారే వేళ ఒక నర్సు మరొకరికి రోగి బాధ్యత అప్పగించే మాటలు మంచం దగ్గరే జరిగితే మేలు. జరగకపోతే అలా చేయమని మర్యాదగా కోరవచ్చు. రాత్రి ఏ మందు ఎన్ని గంటలకు ఇచ్చారో, రోగి ఎన్ని నీళ్లు తాగాడో, ఏమి మార్పు కనిపించిందో తోడున్నవారు ఒక చిన్న పుస్తకంలో రాసుకొని ఆ సమయంలో చదివి వినిపించవచ్చు. మెడ దగ్గరో, చేతికో, మూత్రానికో గొట్టం ఉంటే, “సిస్టర్, ఇది ఇంకా అవసరమా? ఎప్పుడు తీస్తారు?” అని ప్రతి ఉదయం అడగవచ్చు. వార్డు ఇన్‌చార్జి సిస్టర్ ఎవరో, పరిస్థితి విషమిస్తే రాత్రివేళ ఏ నంబరుకు ఫోన్ చేయాలో చేరిన రోజే తెలుసుకొని ఆ పుస్తకం మొదటి పేజీలో రాసి ఉంచుకోండి.