సేవ నేర్పే చదువు: విద్యార్థులూ ఎన్‌ఎస్‌ఎస్

స్వతంత్ర భారతంలో తొలి విద్యా సంఘానికి అధ్యక్షత వహించిన సర్వేపల్లి రాధాకృష్ణన్, విద్యాసంస్థలలో స్వచ్ఛంద ప్రాతిపదికన జాతీయ సేవను ప్రవేశపెట్టాలని సూచించారు. దానివల్ల విద్యార్థులకూ అధ్యాపకులకూ మధ్య ఆరోగ్యకరమైన సంబంధం ఏర్పడుతుందనీ, కళాశాలకు చుట్టుపక్కల సమాజంతో బంధం బలపడుతుందనీ ఆ సంఘం భావించింది. ఆ తరువాత సి.డి. దేశ్‌ముఖ్ సంఘం, కొఠారి కమిషన్ ఈ ఆలోచనను పరిశీలించగా, గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, కేంద్ర విద్యాశాఖ మంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాలలో జాతీయ సేవా పథకాన్ని, అంటే నేడు అందరూ ఎన్‌ఎస్‌ఎస్ అని పిలిచే కార్యక్రమాన్ని, ప్రారంభించారు.

ఇందులో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. దానితోపాటు కళాశాల దత్తత తీసుకున్న గ్రామంలోనో బస్తీలోనో ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొనాలి. ప్రోగ్రామ్ ఆఫీసర్‌గా వ్యవహరించే అధ్యాపకుడు ఈ పనులను నడిపిస్తాడు.

ఈ సేవ వల్ల విద్యార్థికి కలిగే మొదటి మేలు, పుస్తకంలోని విషయం మనుషుల మధ్య పరీక్షకు నిలవడం. గణాంకశాస్త్రం చదివే విద్యార్థి ఇంటింటి సర్వేకు వెళ్లినప్పుడు, ప్రశ్నను అడిగే తీరును బట్టి జవాబు మారుతుందనీ, పగటిపూట తలుపు తట్టితే కూలికి వెళ్లినవారి అభిప్రాయం లెక్కలోకి రాదనీ గ్రహిస్తాడు. వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థిని బ్యాంకులో ఒక వృద్ధురాలికి ఫారం నింపిపెట్టినప్పుడు, తనకు సులువుగా తోచిన పత్రం మరొకరికి ఎంత కష్టమో తెలుసుకుంటుంది. శిబిర జీవితం నేర్పేది మరొక రకం చదువు: వేర్వేరు శాఖల నుంచి, భిన్న కుటుంబ నేపథ్యాల నుంచి వచ్చినవారు కలిసి వండుకుని, పనులు పంచుకుని, అభిప్రాయభేదాలను ఆ పూటకా పూట పరిష్కరించుకోవలసి రావడంతో, ఉద్యోగాలలో ఎంతో అవసరమైన సమష్టి కృషి, బాధ్యతా నిర్వహణ అలవడతాయి.

సేవ ప్రభావం శరీరం మీద కూడా కనబడవచ్చునని కెనడాలో జరిగి 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనం సూచించింది. అందులో 106 మంది ఉన్నత పాఠశాల విద్యార్థులను, ఎవరు ఏ బృందంలోకి వెళ్లాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించి, రెండుగా విభజించి, ఒక బృందం చేత రెండు నెలలపాటు వారానికొకసారి చిన్న పిల్లలకు సాయం చేయించారు. ఆ బృందంలో కొలెస్ట్రాల్, శరీరంలోని వాపు స్థాయిని తెలిపే ఒక రక్త సూచిక రెండవ బృందంలో కంటే తక్కువగా ఉన్నాయి. ఇతరుల బాధను అర్థం చేసుకునే గుణం బాగా పెరిగినవారిలో ఈ మేలు మరింత స్పష్టంగా కనిపించింది. ఒక చిన్న అధ్యయనం నుంచి పెద్ద తీర్మానాలు చేయలేకపోయినా, సేవకు వెచ్చించిన కాలం వృథా అన్న తల్లిదండ్రుల భయాన్ని అది కొంత తగ్గించగలదు.

అయితే ప్రతి అనుభవమూ విద్య కాదని అమెరికన్ విద్యా తత్త్వవేత్త జాన్ డ్యూయీ 1938లోనే హెచ్చరించాడు. ధ్రువపత్రం కోసం గంటలు నింపుకోవడం, మొక్కలు నాటి ఫొటో తీసుకుని నీళ్లు పోసే బాధ్యత ఎవరికీ అప్పగించకపోవడం వంటివి ఊరికీ విద్యార్థికీ మిగిల్చేది స్వల్పం. సేవాధారిత అభ్యసనం, అంటే సేవను పాఠంతోనూ ఆలోచనతోనూ జోడించే బోధన పద్ధతి, మూడు పనులు కోరుతుంది: ఊరివారి అవసరాన్ని వారి నోటనే వినడం, విద్యార్థి చదువుకు తగిన పనిని అప్పగించడం, పని ముగిశాక దాని ఫలితాన్ని అందరూ కలిసి చర్చించడం. ఒకే గ్రామంలో ఏళ్ల తరబడి పనిచేస్తూ, ఒక బ్యాచ్ రాసిపెట్టిన వివరాలను తరువాతి బ్యాచ్‌కు అందించే కళాశాలలో, సీనియర్లు మొదలుపెట్టిన పని ఎందుకు నిలిచిందో, ఎందుకు ఆగిపోయిందో జూనియర్లు స్వయంగా పరిశీలించగలుగుతారు. సమాజాన్ని మార్చడానికి ఎంత ఓర్పు కావాలో తెలియజేసే ఆ పాఠాన్ని ఏడు రోజుల శిబిరం ఒక్కటే నేర్పలేదు.